కొండ మీది గదిలో ఒంటికన్ను

నేను ఒక వెబ్ కెమెరాను. నిమ్మకాయంత ఒళ్లు, ఒకటే కన్ను, ఆ కన్ను కింద సూదిబెజ్జమంత చెవి. కంప్యూటరు నెత్తినెక్కి కూర్చుంటాను కాబట్టి నాకు గర్వమనుకుంటారు గానీ నాది ఏమంత గొప్ప బతుకు కాదు. తెర మీద ఏం కనిపిస్తుందో నేను ఒక్కనాడూ చూడలేదు. తెర నా కాళ్ల కింద ఉంటుంది. దాన్ని చూసి నవ్వేవాళ్లనీ ఏడ్చేవాళ్లనీ చూడడమే నా ఉద్యోగం.

నేను పుట్టింది సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో. ముక్కుకి గుడ్డ కట్టుకున్న అమ్మాయి ఒకతె నా కన్ను బిగించి, తుడిచి, పక్కకి నెట్టేసింది. నా మొహం సరిగ్గా చూసిందో లేదో కూడా అనుమానమే. తరవాత సికింద్రాబాదు కొట్టులోంచి ఒక కెప్టెన్ గారి భార్య నన్ను కొనుక్కెళ్లింది. భర్తతో మాట్లాడబోయే ముందు ఆవిడ బొట్టు సరిచేసుకునేది, మాట్లాడడం అయ్యాక కాసేపు ఊరికే కూర్చునేది. రెండేళ్లకి ఆయన ఇంటికి దగ్గరగా బదిలీ అయి వచ్చాడు. "ఇంక దీనితో పనేముంది, అక్కడి కుర్రాళ్లకి పనికొస్తుంది" అని ఆవిడ నన్ను ఆయన పాత యూనిట్‌కి పంపేసింది. పాలడబ్బాల మధ్య పెట్టి, లారీలో మూడు రోజులు కుదిపి, పదమూడు వేల అడుగుల ఎత్తున ఒక రేకుల గదిలో నన్ను దింపారు.

అక్కడ సెల్‌ఫోన్ టవరు లేదు. జవాన్లకి ఇంట్లోవాళ్ల ముఖాలు చూపించేది సైన్యం సొంత లైను మీద నడిచే ఆ ఒక్క కంప్యూటరే. దాని తాళంచెవి హవల్దార్ షేక్ మస్తాన్ దగ్గర ఉండేది. కనిగిరి వైపు మనిషి, నోరు పెద్దది, మనసు మెత్తన. ఆదివారాలు జవాన్లు వరుసగా వచ్చి నా ముందు కూర్చునేవారు. ఒక్కొక్కడూ ఎన్ని అబద్ధాలు చెప్పేవాడో! పెదాలు పగిలి నెత్తురు కారుతుంటే "చలేం లేదమ్మా" అనేవాడు ఒకడు. వేసుకోవడానికి మంచి స్వెటరు ఉన్నది ఒక్కడికే. దాన్నే అందరూ మార్చుకుని తొడుక్కుని కూర్చునేవారు. ఇళ్ల దగ్గర ఎవరికీ అనుమానం రాలేదు కాబోలు.

వాళ్లలో అబద్ధం చెప్పనివాడు గేదెల తవిటినాయుడు ఒక్కడే. శ్రీకాకుళం జిల్లావాడు. అతని కూతురు యామినికి ఆరేళ్లు, పుట్టుచెవుడు, మాట లేదు. అతను చేతులతోనే మాట్లాడేవాడు. అన్నం, కుక్క, కోపం, "నాన్న వచ్చేస్తాడు" అన్నీ తండ్రీకూతుళ్లు సొంతంగా కల్పించుకున్న సైగలే. ఆ ఏడే పిల్లని విజయనగరంలో చెవిటిపిల్లల బడిలో చేర్చి, భార్య రమణమ్మ అక్కడే గది తీసుకుంది. బడిలో నేర్పే సైగలు వేరు. పిల్ల వారమంతా నేర్చుకున్నవి ఆదివారం నెట్ సెంటరుకి వచ్చి తండ్రికి నేర్పేది. అతను నా ముందు కూర్చుని, నాలుక బయటపెట్టి, లావుపాటి వేళ్లని వంచలేక వంచుతూ నేర్చుకునేవాడు. తప్పు చేస్తే అవతల పిల్ల విసుక్కునేది కాబోలు, ఇతను చెవులు పట్టుకునేవాడు. పిల్ల ముఖం నేను చూడలేదు. అయినా ఆ సైగలు నాకూ వచ్చేశాయి.

ఆ తరవాత ఆర్డరు వచ్చింది. సైన్యం లైన్ల మీద సోషల్ వెబ్‌సైట్లు, వీడియో మాటలు అన్నీ బంద్. ఎక్కడో ఎవడో కుర్రాడు తుపాకీ పట్టుకుని ఫొటో దిగి పెట్టాడట, అందులో వెనకాల ఉండకూడని బోర్డు పడిందట. వాడి సరదా తగలెయ్య! ఆర్డరు తప్పని నేను అనను. దేశం కాపలా కాసేవాళ్లకి ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే. మిగతా జవాన్లు నాలుగు రోజులు గొణిగి శాటిలైట్ ఫోను గది ముందు వరుస కట్టారు. మనిషికి ఐదు నిమిషాలు.

తవిటినాయుడు మాత్రం మస్తాన్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఫోన్ల నా గుంటకేటి ఇనబడతాదన్నా?" అన్నాడు.

మస్తాన్ అతన్ని వెంటబెట్టుకుని మేజర్ దగ్గరికి వెళ్లాడు. మేజర్ ఉత్తరాది మనిషి. అతని ఎదుట తవిటినాయుడు తెలిసిన సైగలన్నీ చేసి చూపించాడట. మేజర్ పైకి రాసి, పట్టుబట్టి, ఆ ఒక్కడికి అనుమతి తెప్పించాడు. ఆదివారం పది గంటలకి పావుగంట. పక్కన మస్తాన్ ఉండాలి. నా కంటికి అతనూ, అతని వెనక గోడా తప్ప ఇంకేం పడకూడదు. అలా పదకొండు ఆదివారాలు గడిచాయి. మిగతా ఆరు రోజులూ నేను ఊరికే పడి ఉన్నా, ఆ పావుగంటే నా జన్మకి సరిపోయేది.

పన్నెండో ఆదివారం పొద్దున మొదటి మంచు పడింది. బడిలో పిల్లకి మంచు గురించి చెప్పారు లాగుంది. తవిటినాయుడు వేళ్లని పైనుంచి కిందికి రాలుస్తూ, "మంచు సూపించమంతందన్నా" అన్నాడు నవ్వుతూ.

"వద్దురా. గోడ దాటగూడదన్నారు గదా" అన్నాడు మస్తాన్.

"ఒక్క సిటికన్నా. ఇంకేటీ అడగదు."

మస్తాన్ లేచేలోపు తవిటినాయుడు నన్ను ఊడబెరికి కిటికీ వైపు తిప్పేశాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా బతుకులో అంత సంతోషం ఎన్నడూ లేదు. ఆకాశం, కొండ, దూదిలా రాలుతున్న మంచు! పుట్టినప్పటినుంచీ నేను చూసినవి గదులే కదా. కొండ కింద హెలికాప్టర్ దిగే గుండ్రం, ఇంధనం డ్రమ్ముల వరుస, ఏరియల్ స్తంభం కూడా కనిపించాయి. అవి చూడకూడనివని నాకేం తెలుసు? నాలుగు క్షణాల్లో నన్ను మళ్లీ గోడకేసి పెట్టేశాడు. అవతల పిల్ల చప్పట్లు కొడుతోందని మస్తాన్‌కి చెప్పాడు.

లైనుని కనిపెట్టి చూసేవాళ్లు పైన ఉంటారని ఆ తండ్రికి గుర్తులేదు. మూడో రోజుకల్లా కొంప మునిగింది. మేజర్‌కి చీవాట్లు, మస్తాన్‌కి చీవాట్లు. అనుమతి రద్దు. తవిటినాయుడి సెలవు వాయిదా వేశారు. ఈలోగా చలికాలం వచ్చి దారి మూసుకుపోయింది. నా కంటికి నల్లటి టేపు అంటించారు. చెవి సంగతి ఎవరికీ తోచలేదు.

అప్పటినుంచి నాకు వినబడడమే గానీ కనబడడం లేదు. కొన్ని ఆదివారాలు పదింటికి తవిటినాయుడు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. మాట వినబడేది కాదు. కోటు చేతులు రాసుకుంటున్న చప్పుడు మాత్రం వచ్చేది. మర్చిపోకుండా సాధన చేస్తున్నాడని అర్థమయ్యేది. ఏ సైగ చేస్తున్నాడో మాత్రం తెలిసేది కాదు. నాకు ఏడుపొచ్చేది. మాఘం దాటాక ఆ చప్పుడు కూడా తగ్గిపోయింది. పాతవే ఎన్నిసార్లని చేస్తాడు? కొత్తవి నేర్పేవాళ్లు లేరు.

పది నెలలకి సెలవు దొరికింది. వెళ్లాడు, వచ్చాడు. అతను వచ్చిన ఆదివారమే మస్తాన్ పనికిరాని సామాన్ల పట్టీ పైకి చదువుకుంటూ నన్ను కంప్యూటరు మీంచి ఊడదీస్తున్నాడు.

"బిడ్డ బాగుందా?" అన్నాడు మస్తాన్.

"బాగుందన్నా. ఎదిగిపోనాది." కుర్చీ కిర్రుమంది. "సేతుల్తో గడగడా మాటాడేస్తంది. దాని నేస్తాలు, మాస్టారమ్మ, ఆకరికి మా ఇంటిది కూడా. అందరికీ తెలుస్తంది. నాకే ఒక్క ముక్క తెల్లేదు. మావిద్దరి పాతయి సేసి సూపిస్తే సిన్నపిల్లల సైగలని నవ్వీసింది."

"నెమ్మదిగా నేర్సుకుందువులే."

"దాని సంచిల ఒక పుస్తకం ఉంటాదన్నా. బస్సు కండక్టరుకీ కొట్టోడికీ రాసి సూపించడానికి. సైగలు తెల్నోలకి. మూడోనాడు మజ్జానం అది తీసి, ఏదో రాసి నా సేతికిచ్చింది."

"ఏం రాసింది?"

"'నాన్నా అన్నం తింటావా' అని."

అతని కోటు చెయ్యి ఒకసారి రాసుకున్న చప్పుడైంది.

"నోటికాడ సెయ్యెడితే సాలు కదన్నా. పాలుతాగే గుంటకయినా తెలుస్తాది. అది కూడా నాకు తెల్దనుకుంది."

మస్తాన్ నా వైరు నా మెడకే చుట్టి, పగిలిన కీబోర్డులూ ఎండిన బ్యాటరీలూ ఉన్న చెక్కపెట్టెలో వేశాడు. తవిటినాయుడు లేచి ఫోను గది ముందు వరుసలో నిలబడడానికి వెళ్లాడు. కూతురు అన్నం తిన్నదో లేదో భార్యని అడగాలి.