ఒకే కార్డు

"నీ పేరు ఇందులో ఎక్కడుందమ్మా?" అంటూ వలస ఆఫీసు గుమాస్తా కాగితాల కట్టను కిటికీలోంచి వెనక్కి తోసేశాడు. "ఉన్నదంతా మీ ఆయన పేరే. పోనీ, పనిచేశావని మేస్త్రీ చేత రాయించుకురా."

వరుసలో అందరూ చూస్తుండగా హెర్లిండా చంటిదాన్ని భుజం మార్చుకుంది. దొంగచాటుగా సరిహద్దు దాటి ఈ దేశానికి వచ్చినవాళ్లైనా సరే, రెండేళ్ల కిందట తొంభై రోజులు పొలం పని చేసినట్టు చూపిస్తే ఇక్కడే ఉండేందుకు సర్కారు కాగితాలిస్తుందట. ఆ తర్వాత పౌరసత్వం. నవంబరుతో గడువు సరి. వాట్సన్‌విల్ స్ట్రాబెర్రీ తోటల్లో ఆమె నాలుగేళ్లు నడుం వంచింది. కానీ మేస్త్రీ రూతిలియో మొగుడూపెళ్లాలకు పెట్టెల లెక్కకని ఒకే కార్డు ఇస్తాడు, అదీ మగవాడి పేరున. ఆమె కోసిన ప్రతి పెట్టెకీ మొగుడు సెవెరో కార్డు మీదే చిల్లు పడింది. ఇన్నాళ్లూ ఏ పేరైతేనేం, ఒక ఇల్లే కదా అనుకుంది.

మర్నాడు తోటలో అడిగితే రూతిలియో నవ్వాడు. "మీ అందరికీ రాసిస్తే, కార్డులెందుకివ్వలేదని కంపెనీ నా మెడ పట్టుకోదూ? నీకేం దిగులు, మొగుడికొచ్చాయిగా!"

"నన్ను పట్టుకుని సరిహద్దు అవతల పడేస్తే పిల్లకి నువ్విస్తావా పాలు?"

మధ్యాహ్నం ఆడవాళ్లు చల్లారిన టోర్టియా రొట్టెలు నములుతూ లారీ నీడన చేరారు. "పదకొండేళ్లు కోశానే అమ్మాయ్," అంది ముసలి క్రిసాంతా. "కాగితాల్లో చూస్తే మా ఆయన నాలుగు చేతుల రాక్షసుడు!" నవ్వారు గానీ, ఆ నవ్వులోనూ ఓపిక లేదు.

"ఊరుకోవే," అన్నాడు సెవెరో. "మేస్త్రీ మిగ్రాని, ఆ వలస పోలీసుల్ని పిలుస్తాడు. నాకొచ్చిందీ పోతుంది."

"నీకొచ్చినదాంట్లో సగం రోజులు నావి."

ఆ పూట ఆడవాళ్లు పెట్టెలు నింపారు, మోయలేదు. సాళ్లలోనే ఎండలో పెట్టి పక్కన కూర్చున్నారు. "మా పేర్లు రాసిచ్చేదాకా ఇవి కదలవు మేస్త్రీ!" అంది క్రిసాంతా. పళ్లు మెత్తబడ్డాయి, రసం కారింది. గంటకల్లా రెండు ఆకుపచ్చ వ్యాన్లు వచ్చాయి.

మిగ్రా వస్తే అందరూ వాగు వైపు పరిగెత్తడం అలవాటు. ఇవాళ ఎవరూ లేవలేదు. పరిగెత్తి పరిగెత్తి మోకాళ్లు అరిగాయి.

హెర్లిండా నిద్రపోతున్న పిల్లని తెచ్చి మొగుడికి అందించింది. తీసుకోవాలంటే సెవెరో చేతిలో పెట్టె దించక తప్పలేదు.

"పేరు?" అన్నాడు పోలీసు. పట్టుబడితే దొంగపేరు చెప్పడం అందరికీ తెలిసిన విద్యే. ఆమె చెప్పలేదు.

"హెర్లిండా సాంతియాగో. నాలుగేళ్లుగా ఈ తోటలోనే కోస్తున్నా. అదిగో, మా మేస్త్రీ. అన్నీ రాయండి సార్."

అతను రాశాడు. ఆమె పేరూ ఆమె పనీ ఒకే కాగితం మీద పడడం అదే మొదలు.

"ఆ కాగితం సంగతి గుర్తుంచుకో," అంది మొగుడితో. "రేపు ఆ కిటికీ దగ్గరికెళ్లి, నా రుజువు మిగ్రా కాగితంలోనే ఉందని చెప్పు."

"నాదీ రాయి నాయనా," అంటూ క్రిసాంతా మోకాళ్లు పట్టుకుని లేచింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు.

ఆడవాళ్లను ఎక్కించుకుని వ్యాన్లు కదిలాయి. పిల్ల ఏడుపందుకుంది. సెవెరో దించిన పెట్టెని మళ్లీ ఎత్తలేదు. పక్క సాళ్లలో మగవాళ్లు ఒక్కొక్కరే తమ పెట్టెలు దించి వచ్చి అతని చుట్టూ నిలబడ్డారు. రూతిలియో చిల్లులు వేసే కత్తెర పట్టుకుని తోట చివర అరుస్తున్నాడు. అతని దగ్గరికి ఒక్క కార్డూ రాలేదు.