సబ్బాతు నాడు మన్నా రాలుతుందా?

దగ్గరికి జరగండర్రా. గుమ్మంలో కూర్చున్న నువ్వు కూడా లోపలికి రా, చలిగాలి కొడుతోంది. ఇది నేను గొంతు పెంచి చెప్పలేని కథ, చెవి దగ్గర పెట్టి వినాలి.

మన యూదులం వదిలేసి వచ్చిన కొండల్లో, అమాదియా పట్నానికి దిగువన ఒక ఊళ్ళో, హజాలె అనే ఇల్లాలు ఉండేది. పెనిమిటి మురదాఖ్ ఉన్ని నేసేవాడు. మనిషి మంచివాడే కానీ ఒక మాట పట్టుకుంటే మొసలి పట్టే. హజాలె తల్లి ఖాతూన్ పెద్దకొడుకు వెంట యెరూషలేముకు వెళ్ళిపోయి చాలా కాలమైంది. అటునుంచి ఎవరొచ్చినా ఆ ముసలిదాని కబురు ఒకటే: "కళ్ళకు పొర కమ్ముతోంది. పూర్తిగా చీకటి పడిపోకముందే నా పిల్ల ముఖం ఒక్కసారి చూడాలి."

ఆ కబురు విన్న ప్రతిసారీ హజాలెకు ముద్ద దిగేది కాదు. పిండి పిసుకుతూ పిసుకుతూ ఆగిపోయేది. చూరు కింద నిలబడి దక్షిణం దారి చూస్తూ పొయ్యి మీద పాలు పొంగించేసేది. అత్తగారు కూడా ఏమీ అనడం మానేసింది పాపం.

"పోదామయ్యా," అనేది మొగుడితో.

"ఎందుకు పోవాలే? మోషే కాలంలో దేవుడు ఆకాశం నుంచి కురిపిస్తే మనవాళ్ళు ఎడారిలో తిన్న మన్నా మన ఓక్ చెట్ల మీదే కురుస్తోందా లేదా? దేవుడు తన చేత్తో వడ్డిస్తుంటే కంచం ముందునుంచి లేచిపోతామా? ఆ సీనాయి ఎడారి ఎక్కడో ఉందంటారు గానీ, నన్నడిగితే మన పెరటి వెనకే ఉంది."

ఆ మాట ఉత్తదని తోసెయ్యడానికి లేదు. వేసవి చివర్లో తెల్లవారకముందే ఊరంతా దుప్పట్లు పట్టుకుని కొండెక్కేది. చెట్టు కింద దుప్పటి పరిచి కొమ్మలు దులిపితే ఆకులకు పట్టిన తెల్లటి తీపి పెళ్ళలు పెళ్ళలుగా రాలేది. గెజో అనేవాళ్ళం దాన్ని. ఎండ తగిలిందంటే కరిగి చీమల పాలే. ఇంటికి తెచ్చి, కాచి, ఆకులు వడకట్టి, అక్రోటు పప్పు కలిపి ముద్దలు చేసుకుంటే చలికాలమంతా పిల్లలు వేళ్ళు నాక్కునేవాళ్ళు.

ఆ ఏడు మోసుల్ పట్నం నుంచి బడిపంతులొకడు చుట్టపుచూపుగా వచ్చాడు. మన యూదుల కుర్రాడే, కళ్ళద్దాలు. గెజో ముద్ద నములుతూ, "ఇది పైనుంచి పడేది కాదన్నా," అన్నాడు. "సన్నటి పురుగులు ఆకు రసం పీల్చి వదిలే తీపి. ఆ ఎడారి మన్నా కూడా ఇలాంటిదే అయ్యుంటుందనీ, సీనాయి వైపు వేరే జాతి చెట్ల మీద ఇప్పటికీ దొరుకుతుందనీ చదువుకున్నవాళ్ళు అంటున్నారు."

మురదాఖ్ మొహం కందగడ్డ అయింది. "అంటే మా తాతలు పండక్కి పురుగు రెట్ట తిన్నారంటావా?"

"తేనె మాత్రం ఈగ కక్కిందే కదన్నా."

"మరైతే నోట్లోది ఉమ్మెయ్!"

"ఎందుకుమ్ముతాను? ఇంకో ముద్ద ఇలా పడెయ్," అన్నాడు పంతులు. అత్తగారు పడీపడీ నవ్వింది.

హజాలె నవ్వలేదు. ఆమె బుర్రలో ఒక ఆలోచన మెదిలింది. "ఏమయ్యా," అంది మెల్లిగా. "పురుగులు చేసేదే అయితే, పురుగులకు సబ్బాతు ఉంటుందా?"

మన్నా సంగతి గ్రంథంలో ఎలా ఉంది? ఆరో రోజు, అంటే శుక్రవారం, రెట్టింపు; ఏడో రోజు శనివారం, ఏ పనీ చెయ్యకూడని సబ్బాతు నాడు, అసలు లేదు. అంతే కదా!

"శుక్రవారం రెట్టింపే వస్తుంది," అన్నాడు మురదాఖ్ మీసం దువ్వుతూ. "ఏటా చూస్తున్నాను."

"శుక్రవారం నువ్వు రెండు దుప్పట్లు పట్టుకెళ్తావు. రెట్టింపు రాక ఏమవుతుంది?"

"మరి రెండు రోజులకు కావొద్దా? అందుకే పట్టుకెళ్తాను!"

"సరేనయ్యా. మరి శనివారం సంగతి?"

తాతల నాటినుంచి శనివారం పొద్దున మన యూదుడెవడూ ఆ చెట్ల కిందికి పోయిన పాపాన పోలేదు. పక్కింటి పెరీఖాన్‌కు తెలుసు. ముసల్మాను పిల్ల, సబ్బాతు నాడు మనం నిప్పు ముట్టకూడదు గనక మన పొయ్యి వెలిగించి వెళ్ళేది ఆవిడే. "ఆవిణ్ణి అడుగు," అంటే మురదాఖ్ ఒప్పుకోలేదు. "అది నీ నేస్తం. నువ్వు పగలు చుక్కలున్నాయంటే అదీ ఉన్నాయంటుంది. నా కళ్ళతో నేను చూడాలి. శనివారం కూడా ఉంటే అది మన్నా కాదు, మీ అమ్మ దగ్గరికి పోదాం. లేకపోతే ఈ ఊసు మళ్ళీ ఎత్తకు."

గురువుగారిని అడిగారు. "సబ్బాతు నాడు నడవదగిన దూరంలోనే ఉంది ఆ చెట్టు. చూడటంలో తప్పు లేదు. కొమ్మ కదిపితే మాత్రం పని చేసినట్టే, ఇక నా మొహం చూడకండి," అన్నాడాయన.

శనివారం తెలతెలవారుతుండగా మొగుడూ పెళ్ళాలిద్దరూ చెట్టు కింద నిలబడ్డారు. చేతులు పొరపాటున పైకి పోతాయేమోనని వెనక్కి కట్టుకున్నారు. పెరీఖాన్ తన ఇంటికోసం దుప్పటి పరుస్తూ వాళ్ళను చూసి, "ఏం తల్లీ, సిపాయిలు గానీ పట్టుకున్నారా మిమ్మల్ని?" అని నవ్వింది.

హజాలె కళ్ళు మూసుకుంది. రాలాలి దేవుడా, రాలాలి, అమ్మ ముఖం చూడాలి, అనుకుంది.

పెరీఖాన్ కొమ్మ దులిపింది. జలజలా రాలింది. మంగళవారం ఎలా రాలుతుందో అలాగే, బుధవారం ఎలా రాలుతుందో అలాగే. ఒక పలుకు వచ్చి హజాలె పెదవి మీద పడింది. తుడుచుకోకూడదేమోనని అలాగే ఉంచింది. అదే కరిగి నోట్లోకి జారింది. చల్లటి తీపి, వెనకనే ఆకు వగరు. కళ్ళు తెరిచింది. వెలుతురొస్తున్న కొండ, తాను పురిటి బిడ్డగా ఉన్నప్పుడు తల్లి ఉయ్యాల కట్టిన ఆ కొమ్మలు, మోకాళ్ళ మీద కూర్చుని తీపి ఏరుతున్న పెరీఖాన్. ఇదంతా వదిలిపోవడమే తాను కోరుకున్నదని అప్పుడు తెలిసొచ్చింది.

మురదాఖ్ మట్టిలో చతికిలబడ్డాడు. "పురుగులేనే," అన్నాడు చిన్నపిల్లాడిలా. "సరే పద. మాటంటే మాటే. మీ అమ్మ దగ్గరికి పోదాం."

"కోరుకున్నది అయింది కదుటే, మరి ఏడుస్తావేం?" అంది పెరీఖాన్.

"నిన్నెక్కడ పెట్టుకుని పోనే?" అంది హజాలె.

మంచు కరిగాక బయల్దేరారు. ఖాతూన్ కళ్ళల్లో ఇంకా కాస్త వెలుగు ఉంది. కూతురి ముఖాన్ని వేళ్ళతో తడిమి, వెలుతురు వైపు తిప్పి, బుగ్గ దగ్గర తన కళ్ళు ఆనించి చూసుకుంది. "చిక్కిపోయావే," అంది. ఆ పూటే సుమాకు అనే పుల్లటి కాయలతో పులుసు కాచింది. అందులో మాంసం కూరిన ఉండలు వేసింది. అన్నేళ్ళూ హజాలె దేనికోసం మొహం వాచిందో, అదే.

"ఎడారి మన్నాకు ఒక రుచంటూ లేదటే," అంది ముసలిది గిన్నె అందిస్తూ. "తినేవాడు ఏది తలుచుకుంటే నోట్లో అదే అయ్యేదట."

హజాలె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అమ్మ చేతి పులుపు, అమ్మ చేతి ఉప్పు, ఏదీ తగ్గలేదు. ఆ పులుపు అడుగున ఎక్కణ్ణుంచో, వదిలొచ్చిన కొండ మీది ఓక్ ఆకు వగరు వచ్చి నాలుకకు తగిలింది.

"ఎలా ఉందే?" అంది తల్లి.

"ఇంకాస్త వెయ్యమ్మా," అంది హజాలె తల వంచుకుని.

ఇదర్రా సంగతి. నేను ఎన్నాళ్ళుంటానో తెలియదు. మీ పిల్లలు అన్నానికి మారాం చేసిన రోజున దగ్గర కూర్చోబెట్టుకుని హజాలె కథ చెప్పండి. పెరీఖాన్ పేరు మాత్రం మరిచిపోకండి, నాయనా.