డాఫ్నీ రొజారియో ఎక్కి పాడిన డబుల్ బాస్

నేను ఒక డబుల్ బాస్‌ని. నన్ను చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: వయొలిన్‌ని మనిషికంటే ఎత్తుగా పెంచి, నడుము కింద పుష్కలంగా నెయ్యి పట్టిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాను. లావుపాటి తీగలు, సన్నటి మెడ, పిల్లలు దాగుడుమూతలు ఆడుకోగలిగినంత పొట్ట. నన్ను వాయించేవాడు కౌగిలించుకుని నిలబడాల్సిందే.

మద్రాసు వేపేరీలో గోమెజ్ అనే వడ్రంగి నన్ను చేశాడు. ఆయన అసలు పని శవపేటికలు. ఆ ఏడాది ఊళ్ళో కలరా రాలేదు, కొట్టునిండా చెక్క మిగిలిపోయింది. దిగులుగా కూర్చున్న మనిషిని ఒక హోటలు బ్యాండువాళ్ళు వచ్చి నన్ను చేసిపెట్టమన్నారు. జనం చావకపోవడం వల్ల పుట్టినదాన్ని కనుకనేమో, నాకు మొదటినుంచీ హుషారు ఎక్కువ.

ఆ హుషారు చాలాకాలం పొట్టలోనే ఉండిపోయింది. హోటలు మూతపడ్డాక నన్ను బిట్రగుంట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కి తెచ్చారు. ఆవిరి ఇంజన్ల షెడ్డు, ఎర్ర ఇటుకల క్వార్టర్లు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు. శనివారం సాయంత్రాలు ఆ క్లబ్బు చెక్కనేల మీద డాన్సులు. ఎవరో ఒక పెద్దాయన కమాను పట్టుకుని నన్ను రంపంతో కోసినట్టు కోసేవాడు. మిగతా రోజుల్లో నా మెడకు టోపీలు, గొడుగులు తగిలించేవారు. పొడుగ్గా కనబడిందల్లా మనుషులకు కొయ్యమేకే.

నన్ను ఆ టోపీల కింద నుంచి బయటికి లాగింది డాఫ్నీ. ఇంజన్ డ్రైవర్ రొజారియో కూతురు. తల్లి లేని పిల్ల. పుట్టడం, పెరగడం బిట్రగుంటలోనే, నోరు విప్పితే నెల్లూరు యాస. పొద్దస్తమానం రేడియోకి చెవి ఆనించి అమెరికా పల్లెల్లో పశువులు కాచేవాళ్ళ పాటలు వినేది. కంట్రీ పాటలంటారు వాటిని. గొంతు పాడుతూ పాడుతూ చటుక్కున పైకి జారి, గిరికీ కొట్టి, కిందికి దిగుతుంది. ఆ పాటకే పరుగు నేర్పి, చిందులు తొక్కిస్తే రాకబిల్లీ. డాఫ్నీకి రెండూ పిచ్చే.

నాన్నకు కారియర్ ఇవ్వడానికి షెడ్డుకి వెళ్ళినప్పుడు పెంచలయ్య అనే ఫిట్టరు సుత్తితో బాయిలర్ రేకులు సరిచేస్తున్నాడట. ఆమె కూనిరాగానికి అతని సుత్తి తాళం వేసింది. ఆ మధ్యాహ్నమే అతన్ని నా ముందుకు లాక్కొచ్చింది.

"పెంచలయ్యా, దీన్ని కొట్టు."

"కొట్టేదా? పగిలిపోతాదేమో డాఫ్నమ్మా!"

"బాయిలరే పగల్లేదు గదా, ఇదెట్టా పగులుద్ది?"

అతను నా తీగను లాగి వదిలాడు. అది చెక్కకు తగిలి టప్పుమంది. వెంటనే అరచేత్తో ఒకటి ఇచ్చాడు. టప్, టపక్, టప్, టపక్. అన్నేళ్ళు మర్యాదగా కోయించుకున్న నాకు ఒళ్ళంతా చక్కిలిగింతలు పుట్టాయి. డాఫ్నీ గిటారు అందుకుంది. ఆ రోజు నుంచి నా మెడకు ఎవరూ టోపీ తగిలించలేదు.

అప్పటికే రొజారియో ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నాడు. ఆయన అన్న అక్కడే ఉన్నాడు. డాఫ్నీ రానంది. తండ్రీకూతుళ్ళు వాదించుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. మద్రాసులో క్రిస్మస్‌కి పాటల పోటీ జరగబోతోంది. గెలిస్తే ఆమె ఇష్టం. ఓడితే నోరుమూసుకుని ఓడ ఎక్కి, పెర్త్‌లో టైపు నేర్చుకోవాలి.

మద్రాసు ప్రయాణంలో నేనే పెద్ద చిక్కు. సామాన్ల పెట్టెలో వేస్తే నుజ్జవుతాను, మనుషుల పెట్టెలోకి నన్ను రానివ్వరు. డాఫ్నీ వెళ్ళి పెంచలయ్య వాళ్ళమ్మ చీర అడిగి తెచ్చింది. నాకు కట్టి, మెడమీద ముసుగు వేసి, కిటికీ పక్కన నిలబెట్టారు. పాపం, నాకూ ఒక టికెట్టు కొన్నారు. అబద్ధం కూడా నిజాయితీగానే ఆడారు.

టికెట్ కలెక్టరు వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "ఈవిడెవరు? నిలబడే ఉందేం?"

"మా మేనత్త సార్," అన్నాడు పెంచలయ్య. "నెలలు నిండుండాయి. కూర్చుంటే ఆయాసం."

ఆయన గొంతు తగ్గించేశాడు. "జాగ్రత్తమ్మా," అని నాకే చెప్పి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు. గూడూరులో ఎక్కిన ఒక ముసలామె నా పొట్ట నిమిరి, కవలలేనని తేల్చి, చీర మడతలో నిమ్మకాయ పెట్టింది. అంతలో బండి కుదుపుకి నా లావు తీగ బొంయ్‌మంది.

"అమ్మో, తంతా ఉండారు!" అంది ముసలామె సంబరంగా.

డాఫ్నీ నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది. కొంగు నాదే.

పోటీ హాల్లో నవ్వులాట ఆగింది. నిర్వాహకుడు బో టై సర్దుకుంటూ, "అమ్మాయి పాడొచ్చు. ఈ అబ్బాయి మాత్రం తెర వెనక నుంచి వాయించాలి. కాళ్ళకి బూట్లయినా లేవు," అన్నాడు.

పెంచలయ్య తలవంచుకుని నన్ను ఎత్తబోయాడు. "నాకేం పర్లేదు డాఫ్నమ్మా. యాడున్నా కొట్టేదే గదా."

డాఫ్నీ వంగి తన ఎత్తుమడమల జోళ్ళు విప్పి, అటొకటి ఇటొకటి విసిరేసింది. "ఇప్పుడు మా ఇద్దరికీ లేవు సార్. ఇద్దరినీ తెర వెనక్కి పంపుతారా?" అంది. ఆయన నోరు తెరిచే లోపల మేము ముగ్గురం వేదిక మీద ఉన్నాం.

మొదట ఇంగ్లీషు పాట పాడింది. జనం మర్యాదగా విన్నారు. మర్యాదగా వినడమంటే చేతి గడియారాలు చూసుకోవడం. డాఫ్నీకి అర్థమైంది. పాట మధ్యలోనే ఆపి పెంచలయ్య వైపు తిరిగి, "ఏటవాలుగా వంచు," అంది. అతను నన్ను వంచి పట్టుకున్నాడు. ఆ పిల్ల ఒక్క గెంతుతో నా నడుము వంపు మీదికి ఎక్కి నిలబడి, తను కట్టుకున్న పాట అందుకుంది.

"పచ్చజెండా ఊపవయ్యా గార్డు మామా,
నా గుండెకు బ్రేకు లేదు గార్డు మామా!"

చివర్లో గొంతు ఇంజన్ కూతలా పైకి లేచి, గింగిరాలు తిరిగి, హాలు కప్పు తాకి వచ్చింది. కింద పెంచలయ్య నన్ను చితక్కొడుతున్నాడు. నా కీళ్ళన్నీ కిర్రుమంటున్నాయి. నాకా, ఎంత కొడితే అంత బాగుంది! తెలుగొచ్చిన వాళ్ళూ, రానివాళ్ళూ కుర్చీలు తోసేసి చిందులు తొక్కారు. ఎప్పుడొచ్చాడో గానీ, వెనక వరసలో రొజారియో రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు.

బహుమతి మాత్రం బో టై కట్టుకున్న ఇంకొక గాయకుడికి ఇచ్చారు.

బిట్రగుంట చేరాక డాఫ్నీ ఏడవకుండా పెట్టె సర్దుకుంది. రొజారియో గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఓడిపోయాను గదా డాడీ. మాటంటే మాటే."

"జడ్జీలు చెవిటివాళ్ళు మ్యాన్," అన్నాడాయన. కొడుకైనా, కూతురైనా, కోడిపిల్లైనా ఆయనకు మ్యానే. "నువ్వు టైపు కొడితే ఆ మిషను సిగ్గుతో చచ్చిపోతుంది. నేను పోతాను. నీ బండిది వేరే లైను." అని గబగబా బయటికి వెళ్ళి, పెరట్లో చాలాసేపు ముక్కు చీదుకున్నాడు.

తర్వాతి ఏళ్ళు ఎలా గడిచాయో నాకు వరసగా గుర్తులేదు, ఊపు మాత్రమే గుర్తుంది. గుంతకల్లు, హుబ్లీ, కోలారు బంగారు గనులు, ఊటీ క్లబ్బులు. గార్డు మామ పాట గ్రామఫోను రికార్డయింది. సినిమా కొట్టాల్లో విశ్రాంతి సమయంలో వేసేవారు. రైల్వే గార్డులు కొందరు కోప్పడ్డారు, ఎక్కువమంది పచ్చజెండాలు పట్టుకుని పాటకచేరీలకు వచ్చారు. డాఫ్నీ, పెంచలయ్య పెళ్ళి చేసుకున్నారు. రెండువైపులవాళ్ళూ రామని భీష్మించుకుని, బిరియానీ వాసనకి వచ్చారు.

తర్వాత ఆమె గొంతులో కాయ లేచింది. ఆపరేషన్ చేశారు. మాట మిగిలింది, పాట పోయిందన్నారు. గిటారును ఎవరికో ఇచ్చేసింది. నన్ను చూస్తే ముఖం తిప్పుకునేది. పెంచలయ్య ఒకరోజు నన్ను గుడ్డలో చుట్టి, ఇన్‌స్టిట్యూట్‌లో అప్పగించి వెళ్ళాడు. ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్డు పోయింది. పాత సామానుతో పాటు నన్ను ఒక మ్యూజియంలో పెట్టారు. "పెద్ద వయొలిన్" అని చీటీ అంటించారు. ఎదురుగా ఒక తూకం మిషను. దాంతో మాట్లాడటానికి ఏముంటుంది?

మొన్నొక ఉదయం బడిపిల్లల వెనకాల ఇద్దరు ముసలివాళ్ళు వచ్చారు. ఆమె మెడకు స్కార్ఫు కట్టుకుంది. అతను తాడు దాటి నా దగ్గరికి వస్తుంటే కాపలాదారు అరిచాడు.

"ముట్టుకోకూడదు తాతా!"

"ముట్టుకోన్లే నాయనా, కొడతా," అన్నాడు పెంచలయ్య.

తీగలు వదులైపోయాయి. తడిసిన డప్పులా మోగాను. అతని వేళ్ళు కూడా వంకర్లు పోయాయి. అయినా టప్, టపక్. పిల్లలు చప్పట్లు అందుకున్నారు. డాఫ్నీ కిటికీ వైపు చూస్తూ నిలబడింది. చాలాసేపు ఓర్చుకుంది.

"ఏందయ్యా ఆ తాళం? కాళ్ళీడుస్తా ఉండావే!" అని కసిరి, నోరు తెరిచింది.

పైకి ఎగిరే ఆ పాత గొంతు రాలేదు. గరగరమంటూ, లోతుగా, బొగ్గు దొర్లినట్టు ఇంకేదో వచ్చింది. అది వినగానే ఆమే ఉలిక్కిపడి స్కార్ఫు పట్టుకుంది. పెంచలయ్య కొట్టడం ఆపలేదు. ఆమె మళ్ళీ పాడింది, ఈసారి కావాలనే ఇంకా కిందికి దిగి. అన్నేళ్ళూ ఆమె ఆకాశంలో, నేను నేలమీద. ఇప్పుడు ఇద్దరం ఒకే మెట్టు మీద నిలబడి మోగాం. పిల్లలు గంతులు వేశారు. టీచరమ్మ వరసలో నిలబడమని కేకలేస్తూ తనే ఊగిపోయింది. డాఫ్నీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది, నవ్వుతూ పాడుతోంది.

అందరూ వెళ్ళాక కాపలాదారు వచ్చి తాడు సరిచేశాడు. అటూ ఇటూ చూశాడు. ఒక్క వేలితో నా లావు తీగను లాగి వదిలాడు. ఎవరూ రాలేదు. ఇంకోసారి లాగాడు.