రికార్డుకెక్కిన ఫోను

కాస్త ఇటు జరిగి కూర్చోండి. అరిచి చెప్పే కథ కాదిది, పక్కన చేరి వినాల్సింది.

ఆ పొద్దున ఆయన విచారణ గదిలో తన బల్లను తానే తడిగుడ్డతో తుడుచుకుంటున్నాడు. తుడిచేవాళ్ళు లేక కాదు, వేరేవాళ్ళ చెయ్యి పడితే కాగితాలు ఎటువి ఎటో పోతాయని. పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. ఎంత ఉక్కపోతలోనూ చొక్కా పై గుండీ విప్పడు. లైసెన్సుల శాఖలో విచారణాధికారి. శాఖ ఎవరి లైసెన్సయినా రద్దు చెయ్యాలంటే ముందు ఇరుపక్షాలూ ఈయన ఎదుట చెప్పుకోవాలి, ఈయన విని తేల్చాలి. పేరుకి న్యాయం చెప్పే కుర్చీయే. ఆఫీసులో మాత్రం అందరూ ఆయన్ని 'అలాగేగారు' అనేవారు. పైనుంచి ఏ ఫోనొచ్చినా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే మరి.

ఫోను మోగింది. డైరెక్టరు.

"ఏమయ్యా, ఆ లిఫ్టులావిడ కేసు ఇవాళే కదా?"

"అవునండి."

"రద్దని రాసి పడెయ్. ఆస్పత్రివాళ్ళు మనకి కావలసినవాళ్ళు. సాక్ష్యానికి నేనే వస్తున్నా. సాగదీయకు, ఒంటిగంటకి నేను భోజనానికి వెళ్ళాలి."

"అలాగేనండి."

ఫోను పెట్టేసి, సొరుగులోంచి నల్లట్ట పుస్తకం తీశాడు. తేదీ, గంట, అన్న మాట అన్నట్టుగా రాసుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా వచ్చిన ప్రతి ఫోనూ అందులో ఉంది. ఎన్నిసార్లు అలాగే అన్నాడో ఆ పాపమూ అందులోనే ఉంది. అన్నాళ్ళూ ఆయన కాచుకున్నది మాత్రం ఇవాళ విన్న ఒక్క ముక్క కోసం: నేనే వస్తున్నా. గదిలోకి రాని మనిషిని రికార్డులోకి లాగడం కుదరదు. తన పనిలో ఆయనకు బాగా తెలిసిన సంగతి అది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక ముసలి మెకానిక్కు, ఒక భవనంలో లిఫ్టు ఇనుపతాడు అరిగిపోయింది, బాగుందని సంతకం పెట్టనని మొండికేశాడు. ఈ డైరెక్టరే ఫోను చేశాడు. ఈయన అలాగేనండి అని ముసలాయన లైసెన్సు రద్దు చేశాడు. ఇంకెవరో వచ్చి సంతకం పెట్టారు. నాలుగు నెలలకి తాడు తెగింది. అప్పుడు లిఫ్టులో ఉన్నది ఒక్క మనిషే. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని ఈయన సొంత అక్క. తల్లి పోయాక ఈయన్ని చంకనేసుకుని పెంచిన అక్క. శవం దగ్గర డైరెక్టరు ఆయన భుజం తట్టి, "గుండె దిటవు చేసుకోవయ్యా" అన్నాడు. ఆ తట్టిన చోటు ఇప్పటికీ మండుతూనే ఉంది.

పదకొండింటికి లిఫ్టులావిడ వచ్చింది. గోళ్ళ సందుల్లో గ్రీజు, భుజాన పనిముట్ల సంచి. ఆవిడా లిఫ్టుల మెకానిక్కే; ఆస్పత్రి లిఫ్టు బాగుందని రాయనన్నందుకు ఆమె లైసెన్సుకీ కూటికీ ఎసరొచ్చింది. శాఖ పక్షాన డైరెక్టరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"అయ్యా, రద్దు చేసేశారని కింద గేటు దగ్గరే చెప్పారు. ఇంకా నన్నెందుకు పిలిచారు? పని మానుకుని వచ్చాను" అంది ఆమె.

"ఎవరమ్మా చెప్పింది?"

"మీ ఆఫీసులో గోడలకీ నోళ్ళున్నాయండి."

పక్క బల్ల దగ్గర విచారణ రాసుకునే టైపిస్టమ్మ నవ్వబోయి దగ్గింది. ఆయన డైరెక్టరు చేత ప్రమాణం చేయించి, నల్లట్ట పుస్తకం తెరిచాడు.

"రాయమ్మా. ఒక పక్షం రెండో పక్షానికి తెలియకుండా విచారణాధికారితో మాట్లాడితే, ఆ మాటలు ఇద్దరి ముందూ చదివి రికార్డులో పెట్టాలి. పాత నియమమే. నేనెన్నడూ పాటించలేదు. ఇవాళ పాటిస్తున్నాను."

పొద్దుటి ఫోను పొల్లు పోకుండా చదివాడు.

"నీకేమన్నా మతిపోయిందా?" డైరెక్టరు లేచాడు.

"'నీకేమన్నా మతిపోయిందా.' అదీ రాయమ్మా."

"ఏయ్, రాయొద్దు!"

"'ఏయ్' తర్వాత కామా పెట్టు."

"పెట్టానండి" అంది టైపిస్టమ్మ.

"కూర్చోండి సార్. ప్రమాణం చేసి ఉన్నారు. ఈ ఫోను చేసింది మీరేనా? అవుననండి, కాదనండి, ఏదన్నా నాకిష్టమే. తొందరేం లేదు. మంచినీళ్ళు తాగండి."

డైరెక్టరు గ్లాసు అవతలికి నెట్టాడు. ఆ మొహం పాలిపోవడాన్ని ఆయన ముద్దముద్దగా తిన్నాడు. ఇంకా వడ్డించుకోవాలనిపించింది. వెనక్కి తిప్పుకుంటూ ఒక్కొక్క ఫోనూ చదివాడు. ఒంటిగంట దాటింది. రెండు దాటింది. చివరికి, తాడు తెగిన నాడు గుర్తు తెచ్చుకుని రాసిన మొదటి పేజీకి వచ్చాడు.

"ముసలి మెకానిక్కు కేసు. దీనికి అలాగేనండి అన్నది నేను. నా పేరూ రాయమ్మా, కింద సంతకం పెడతాను. ఆ లిఫ్టులో పోయింది మా అక్క."

టైపు చప్పుడు ఆగిపోయింది.

"ఆగకమ్మా."

డైరెక్టరు నేల చూపులు చూస్తూ గొణిగాడు. "శాఖ... నోటీసు వెనక్కి తీసుకుంటోంది."

"గట్టిగా చెప్పండి సార్. రికార్డుకి వినపడాలి."

రెండోసారి చెప్పించుకున్నాడు. సరిగా వినపడలేదని మూడోసారీ చెప్పించుకున్నాడు.

లిఫ్టులావిడ సంచి భుజానికెత్తుకుంటూ, "మిమ్మల్ని ఉంచుతారా బాబూ వీళ్ళు?" అంది.

"నా సంగతి సరే. నువ్వెళ్ళి ముందు ఆ లిఫ్టు ఆపించు."

సాయంత్రానికి ఆయన్ని ఉద్యోగంలోంచి తప్పించినట్టు కాగితం వచ్చింది. అందినట్టు సంతకం చేశాడు. రికార్డు నకళ్ళు రెండు తీయించి, ఒకటి డైరెక్టరు మీద విచారణ జరపమని పైవాళ్ళకి పంపాడు, ఒకటి ముసలి మెకానిక్కు ఇంటికి. పై గుండీ విప్పుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మూడు వారాలకి ఒక మధ్యాహ్నం పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయాడు. ఆ కబురు ఆఫీసుకి చేరేసరికి డైరెక్టరు ఇంకో విచారణ గదిలో, ఇంకో అధికారి ఎదుట నిలబడి, "కాస్త కూర్చోవచ్చా?" అని అడుగుతున్నాడు.

ఇది మరిచిపోకండి. మీ పిల్లలకీ చెప్పండి, మీ చుట్టూ ఎవరన్నా ప్రతిదానికీ అలాగే అంటూ తలవంచుకు తిరుగుతుంటే వాళ్ళకి మరీ చెప్పండి.

ఆయన చోటికి వచ్చిన కొత్తావిడ కుర్చీలో ఒక పాత దూది మెత్త చూసింది. అంచున వంకరటింకర కుట్లు, వాళ్ళ అక్క చేతివి. తీసి కిటికీలో పెట్టింది. ఆయన కూర్చుని కూర్చుని మధ్యలో పడ్డ పల్లం ఎంత ఎండకీ పొంగలేదు.