ఆస్లాగ్ మేనత్త గది

ధ్రువయాత్రికుడు ఐవిన్ రోల్‌స్టాడ్ పోయాక ఊరి పెద్దలు ఆయన ఇంటిని మ్యూజియం చేశారు. రిబ్బను కత్తిరించడానికి ఆయన కూతురు బోర్గిల్‌ను పిలిచారు.

కమిటీ అధ్యక్షుడు టోర్కిల్సెన్ గుమ్మం దాకా ఎదురొచ్చి దగ్గరుండి అన్నీ చూపించాడు. నాన్న బల్ల, పొగాకు పైపు, మంచు కళ్ళద్దాలు, కుక్కలు లాగిన స్లెడ్జి. అన్నీ తుడిచి మెరిపించారు. బోర్గిల్‌కు కళ్ళు చెమర్చాయి.

"నాన్నగారు ఇప్పుడే లేచి బయటికెళ్ళినట్టు లేదూ?" అన్నాడతను మురిసిపోతూ.

"ఆయనెప్పుడూ బయటే కదండీ," అని నవ్విందామె.

"మీ కోటు ఇలా ఇవ్వండి, తగిలిస్తాను." అతను వంటింటి పక్క తలుపు తెరిచాడు.

బోర్గిల్ గడప దగ్గరే ఆగిపోయింది. అది ఆస్లాగ్ మేనత్త గది. మంచం లేదు. కుట్టుమిషను లేదు. గోడ నిండా ఇనప కొక్కేలు, వాటికి అతిథుల తడికోట్లు, కింద గొడుగులు.

"అత్త సామానేదీ?"

"పాత సామానండీ, తీసేయించాం. జనం చూడాలనుకునేది యాత్రికుణ్ణి. ఇల్లు కనిపెట్టుకునుండే ఆడమనిషి సంగతి ఎవరిక్కావాలి చెప్పండి?"

బోర్గిల్‌కు ఒళ్ళు మండిపోయింది. తల్లి కాన్పులోనే పోతే తనను పెంచింది ఆ ఆడమనిషే. నాన్న గుడారాలు కుట్టింది ఈ గదిలోనే. నాన్న ఓడ జాడ తెలియని ఏడాది నావికుల భార్యలు వచ్చి ఆ మంచం మీద కూలబడి ఏడిస్తే, అత్త కాఫీ కాచి ఇచ్చి, వాళ్ళు వెళ్ళాక తలుపేసుకుని తనూ ఏడ్చేది. నాన్నను రేవు నుంచి ఊరేగించిన రోజున ఆమెను రమ్మన్నవాళ్ళే లేరు. కుక్కలకు ఎండుచేప నానబెడుతూ ఇంట్లోనే ఉండిపోయింది.

"ఈ ఇంట్లో ఉన్నదే ఆవిడయ్యా! ఆయన చుట్టపుచూపుగా వచ్చి పోయేవాడు!"

"మెల్లగా అమ్మా, ముందుగదిలో మంత్రిగారున్నారు."

"అలాగా? ఆయన కోటేది ఇందులో?"

టోర్కిల్సెన్ అమాయకంగా చూపించాడు. బోర్గిల్ ముందు దాన్నే లాగింది. తర్వాత చేతికందినన్ని కోట్లు లాగి మోసుకెళ్ళి నాన్న బల్ల మీద పడేసింది. మెరుగుపెట్టిన చెక్క మీద నీళ్ళు కారాయి.

"అయ్యయ్యో, అది మ్యూజియం బల్లండీ!"

"మా నాన్న బల్ల. చెల్లెలి గదిలో ఊరివాళ్ళ గొడుగులు చూస్తే మిమ్మల్ని మెడపట్టి గెంటేవాడాయన."

నిజంగా గెంటేవాడా? ఆమెకు నమ్మకం లేదు. ఆ అనుమానంతో కోపం ఇంకా రాజుకుంది. "కత్తెర మీ మంత్రికే ఇచ్చుకోండి!" అని వెళ్ళి అత్త గది కిటికీ అరుగు మీద కూర్చుంది.

కోట్ల కోసం వచ్చిన ప్రతివాళ్ళకూ అది ఎవరి గదో చెప్పింది. కొందరు సిగ్గుపడ్డారు, కొందరు విసుక్కున్నారు. మాల్‌ఫ్రిద్ అనే ముసలావిడ, ఆ నావికుల భార్యల్లో ఒకామె, మాత్రం చుట్టూ చూసి, "మంచమేదే పిల్లా? నేనేడ్చిన మంచం!" అని అరిచి, వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. బయట చప్పట్లు వినిపించాయి. వాళ్ళిద్దరూ కదల్లేదు.

వేసవికల్లా మంచం దొరికింది. కమిటీ సభ్యుడొకడు తన పడవల కొట్టంలో దానిమీద వలలు ఆరేస్తున్నాడు. కొక్కేలు పీకించి, మంచాన్ని గదిలో వేయించి, తలుపు మీద పలక కొట్టారు: 'యాత్రికుని సోదరి గది'.

"ఆవిడకి పేరు లేదా?" అని బోర్గిల్ మళ్ళీ మండిపడింది. పెద్ద అక్షరాలతో 'ఆస్లాగ్' అని రాసి పలక మీద అతికించింది. టోర్కిల్సెన్ పీకేశాడు. ఆమె మళ్ళీ అతికించింది. కొన్నాళ్ళకు అతనే విసిగి వదిలేశాడు.