ద్వొమో మాస్టరు బిగించిన బెల్టు

మర్యాద మంచిదే, కాదనను. కానీ కొన్ని మర్యాదలు మనుషుల్ని చంపుతాయి. కావాలంటే కుమాసి నగరంలో, సువామె పేట మెకానిక్కుల షెడ్లలోకి వెళ్ళి తవియాని అడగండి.

ద్వొమో మాస్టరు తవియాకు పని నేర్పినవాడు. డెబ్భై దాటాయి. చక్కెర జబ్బొచ్చి, కాళ్ళు వాచి, ఏడాదిగా ఇంటిపట్టునే ఉంటున్నాడు. అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున నూనె మరకల పాత చొక్కా తొడుక్కుని షెడ్డుకు రాగానే చుట్టుపక్కల వాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"ఏ బండిరా అది?"

"సెర్వా అక్క టాక్సీ, మాస్టర్. టైమింగ్ బెల్టు మారుస్తున్నా."

"జరుగు. నేను బిగిస్తా."

టాక్సీ సొంతదారూ డ్రైవరూ సెర్వాయే. నోరు పెద్దది. "అమ్మో, పెద్దాయనే చెయ్యేస్తే నా బండికిక చావే లేదు!" అని చప్పట్లు కొట్టింది.

"తవియా, నువ్వు స్పానర్లు అందించు. నీ స్థాయికి అది చాలు!" అన్నాడు పక్క షెడ్డు అసారే. అందరూ నవ్వారు, తవియా కూడా నవ్వాడు.

పెద్దాయన పైచక్రం మీద గుర్తు, కింది చక్రం మీద గుర్తు కుదిర్చి బెల్టు ఎక్కించాడు. బెల్టును బిగపట్టే టెన్షనర్ తిప్పి బోల్టు బిగించాడు. ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూస్తే గుర్తులు ఎక్కడివక్కడే ఉన్నాయి. చివరగా రెండు చక్రాల నడుమ బెల్టు పొడుగ్గా ఉన్న చోట బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెలితిప్పాడు. పావు మెలిక తిరగాలి, అంతకు మించకూడదు. ఆ కొలత తవియాకు నేర్పిందీ ఆయనే.

"నువ్వూ చూడు. ఎలా ఉంది?" అన్నాడు.

తవియా పట్టుకుని తిప్పాడు. బెల్టు పావు దాటి, సగం దాకా తిరిగింది. వదులు! గుర్తులు కుదిరినా ఏం లాభం, ఎత్తెక్కేటప్పుడు బెల్టు పళ్ళు జారితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి.

కానీ సువామెలో గురువు "ఎలా ఉంది?" అంటే జవాబు ఒక్కటే. పని నేర్చుకున్న తొమ్మిదేళ్ళూ అతను చెప్పిందదే. చుట్టూ ఇంతమంది. పెద్దాయన మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు. దాన్ని నలుగురిలో ఎలా ఆర్పడం?

"బాగుంది, మాస్టర్," అన్నాడు.

రేపు ఏదో వంక పెట్టి బండి రప్పించి గుట్టుగా సరిచేద్దామనుకున్నాడు. ఆ రేపు రాకుండానే, మధ్యాహ్నం మాంపాంగ్ దారిలో ఎత్తెక్కుతుండగా టాక్సీ టపటపమని ఆగిపోయింది. సాయంత్రానికి తాడు కట్టి లాక్కొచ్చారు. పెద్దాయన ఇంకా షెడ్డులోనే బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"నా పొట్ట కొట్టారు కదయ్యా! ఎవరు బిగించారిది?" అంటూ సెర్వా నేరుగా ఆయన మీదికే వెళ్ళింది.

తవియా అడ్డం నిలబడ్డాడు. "అక్కా, తప్పు నాది. మాస్టర్ పక్కకెళ్ళినప్పుడు విప్పి మళ్ళీ బిగించా. బండి నేనే బాగుచేసిస్తా."

"ఛీ! గురువు చేసిన పనిలో వేలు పెడతావా? సిగ్గులేదూ?" అన్నాడు అసారే. తవియా తల వంచుకున్నాడు. మాట పడ్డా పెద్దాయన పరువు దక్కిందని లోపల కాస్త గర్వం కూడా కలిగింది.

అందరూ వెళ్ళాక ద్వొమో మాస్టరు తవియాను దగ్గరికి పిలిచాడు. కుడి బొటనవేలు చూపించాడు.

"దీనికి స్పర్శ పోయిందిరా. సూది గుచ్చినా తెలీదు."

"మాస్టర్..."

"ఒక్కసారి చేతులారా పని చెయ్యాలనిపించింది. నా వేలు చచ్చినా నీ వేలుంది కదా అని ధైర్యం. అందుకే అడిగాను."

"నలుగురి ముందు మిమ్మల్ని తక్కువ చెయ్యలేక..."

"వదులుగా ఉందంటే బిగించేవాణ్ణి. అంతే కదరా! మెకానిక్‌ని మెకానిక్ అడిగాడనుకున్నా. నువ్వేమో ముసలాణ్ణి సముదాయించావు."

కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేదని తవియా ఇప్పటికీ ఏడుస్తాడు.

వాల్వులు మార్చి, బెల్టు బిగించి టాక్సీ ఇచ్చేశాడు. సెర్వా కోపం నెలలో చల్లారింది. పెద్దాయన మాత్రం మళ్ళీ షెడ్డుకు రాలేదు. ప్రతి ఆదివారం తవియా ఆయనింటికి వెళ్తాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో ఫుఫు ముద్ద చారులో ముంచుకుని తింటారు, ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుంటారు.

"ఈ వారం రండి, మాస్టర్. ఒక ఇంజిన్ మీకు చూపించాలి," అని బతిమాలుతాడు తవియా.

"ఎందుకురా," అంటాడు ఆయన, చారులోంచి పెద్ద మాంసం ముక్క తీసి శిష్యుడి వైపు జరుపుతూ. "నేనేం చేసినా బాగుందంటావు."