నడుస్తున్న మగ్గాలు

"నడుస్తున్న మగ్గం. రాసుకో" అన్నాడు నూలు ఇన్‌స్పెక్టరు. గుమాస్తా రాసుకున్నాడు.

భద్రమ్మ గోడవార నిలబడి విన్నది. ఆ మగ్గం ఆగిపోయి అప్పటికి ఆరు నెలలు.

"నడవటం లేదండీ" అంది.

"నూలు కనపడుతోంది కదమ్మా." ఇన్‌స్పెక్టరు చేతికర్రతో మగ్గం మీది పోగుల్ని తాకాడు.

"పాత పడుగు చివర మూరెడండీ అది. కొత్త పడుగు వస్తే అతుక్కోటానికి ఉంచుకుంటాం."

ఇన్‌స్పెక్టరు గుమ్మం వైపు చూశాడు. అక్కడ నూలు డిపో యజమాని వెంకటసుబ్బారావు నిలబడి ఉన్నాడు. ఆయన నవ్వుతూ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు తల ఊపి, పుస్తకంలో పేరు వెతికాడు.

"వెంకటప్పయ్య. జూలై నూలు ముట్టింది. వేలిముద్ర కూడా ఉంది. ఏడీ మనిషి?"

"పోయాడండీ."

"ఏ ఊరు?"

"చనిపోయాడండీ. హిట్లరు చచ్చిన వారంలోనే."

గుమాస్తా కలం ఒక్క క్షణం ఆగింది. ఇన్‌స్పెక్టరు మాత్రం తల వంచుకుని పక్కింట్లోకి నడిచాడు. ఆ పూట నేతపేటలో నలభై ఇళ్ళు చూశాడు. నలభై మగ్గాలూ నడుస్తున్నాయని రాయించుకుని, వెంకటసుబ్బారావు గుర్రబ్బండిలోనే బెజవాడ వెళ్ళిపోయాడు.

పటమట దాటాక బందరు కాలవ పక్కన ఉండేది ఆ నేతపేట. అక్కడివాళ్ళకు బందరు దాటి లోకం తెలియదు. అయినా పంతొమ్మిది వందల నలభై అయిదులో అక్కడి ముసలమ్మలు సైతం బెర్లిన్ ఎంత దూరమో చెప్పగలిగేవారు. సర్కారు కోటా నూలు పంచే డిపో వెంకటసుబ్బారావుది కాబట్టి నేర్చుకోవలసి వచ్చింది. సంక్రాంతి ముందు వెళ్ళి అడిగితే, రష్యావాళ్ళు బెర్లిన్ చేరనివ్వండి, నూలు వస్తుందన్నాడు. మే నెలలో బెర్లిన్ పడిపోయింది. మళ్ళీ వెళ్ళారు. జపాను మిగిలి ఉంది కదా అన్నాడు. ఆగస్టులో రెండు బాంబులు పడ్డాయి, రెండు ఊళ్ళు బూడిదయ్యాయి. ఆ కబురు విని నేతపేట సంతోషించింది. దాచటం ఎందుకు, పిల్లలకు బెల్లం ముక్కలు కూడా పంచారు. కడుపు కాలుతున్నవాడికి కాలిపోయిన ఊళ్ళ మీద జాలి పుట్టనివ్వకపోవటమే ఈ నూలు దొంగ వ్యాపారం చేసిన అన్ని పాపాల్లోకీ పెద్దది. జపాను లొంగిపోయాక మూడోసారి వెళితే, వ్యాగన్లన్నీ సిపాయిల్ని ఇళ్ళకు చేర్చటానికే సరిపోవటం లేదన్నాడు.

భద్రమ్మ మొగుడు వెంకటప్పయ్య అంతకాలం ఆగలేదు. కాలవలు కట్టేసిన వేసవిలో పూడికతీత కూలికి పోయాడు. పుట్టినప్పటి నుంచీ నీడలో కూర్చుని నేసినవాడు, ఖాళీ కడుపుతో రోహిణి ఎండలాంటి ఎండలో మట్టితట్ట మోస్తూ కూలిపోయాడు. హిట్లరు చావుకు పత్రికలన్నీ పెద్ద అక్షరాలు వేశాయి. ఇతని చావు నేతపేట దాటలేదు.

ఆ సాయంత్రం పడుగులు సాగదీసి గంజి పట్టించే వీధిలోనే అందరూ కూర్చున్నారు. ఆ వీధికి గంజి వాసన పోయి చాలా కాలమైంది. పేటకు తెలిసినవాడే, బెజవాడ గూడ్సుషెడ్డులో హమాలీ మరియదాసు, కబురు అందగానే వచ్చాడు.

"వ్యాగన్లు లేవని ఎవరన్నారు? మొన్న శుక్రవారం పన్నెండు నూలు బేళ్ళు దిగినయ్యి. ఈ వీపు మీదే మోశాను. డిపో ముందు తలుపులోంచి లోపల పెట్టాం. తెల్లారేసరికి వెనక తలుపులోంచి మైలవరం దారి పట్టినయ్యి, నైజాంలో అమ్ముకోటానికి" అన్నాడు.

"ఇంకో అర్జీ పెడదాం" అన్నాడు పేట పెద్ద చౌడయ్య.

"మూడు పెట్టాం కదా. మూడూ ఆయన బండిలోనే పోయినయ్యి" అంది రాఘవమ్మ.

"అర్జీ సంగతి తర్వాత. ఆగిన మగ్గాన్ని నడుస్తుందని ఎట్లా రాశాడు? మీరేం చూపించారు?" అని అడిగాడు మరియదాసు.

భద్రమ్మకు అప్పుడు తెలిసింది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసి పేటంతా పొద్దున్నే ఇళ్ళు అలుక్కుంది. బోసి మగ్గం అధికారి కంట పడితే పరువు తక్కువని, ఆ మూరెడు పోగులకు గంజి రాసి, దువ్వి, బిగించి, మగ్గానికి బొట్టు పెట్టారు. ఆమె కూడా పెట్టింది.

"మనమే చూపించాం. పెళ్ళిచూపులకు ముస్తాబు చేసినట్టు చేసి చూపించాం" అంది.

"రేపు బెజవాడ మైదానంలో విజయోత్సవం. అధికారులంతా అక్కడే ఉంటారు. ఆ పోగులు కోసేసి, బోసి అచ్చులు భుజాన వేసుకుని పోదాం. అప్పుడేమని రాస్తారో చూద్దాం" అన్నాడు మరియదాసు.

చౌడయ్య లేచి నిలబడ్డాడు. "నీకు నేత తెలియదయ్యా. అచ్చు అంటే దువ్వెనలాంటిది, పన్ను పన్నుకీ పోగుంటుంది. అవి తీసేస్తే మళ్ళీ పోగు పోగూ ఎక్కించుకోటానికి రోజులు పడుతుంది. పైగా అరిష్టం. ఆడదాని తాళి తెంపినట్టే."

"నా తాళి తెంపి నాలుగు నెలలైంది పెద్దయ్యా. అప్పుడు అరిష్టమని ఎవరూ అడ్డం రాలేదు" అంది భద్రమ్మ.

చౌడయ్య కూర్చున్నాడు.

మాట అయితే అనేసింది. ఇంటికి వచ్చి కత్తిపీట తీసుకుని మగ్గం ముందు కూర్చుంటే చెయ్యి కదలలేదు. నేసేవాడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలో మామగారు ఆదిశేషయ్య కూర్చుని ఉన్నాడు.

"వాడి చెయ్యి ఆఖరున తాకింది వీటినే అమ్మాయ్" అన్నాడు.

"తెలుసు మావయ్యా. వీటినే సాక్ష్యం చేసుకుని, ఆయనకు నూలు ముట్టిందంటున్నారు. చచ్చినవాడి చేత వేలిముద్ర వేయించారు. నేనిది కోయకపోతే ఆ రాత నిజమవుతుంది."

ముసలాయన చాలాసేపు పోగుల్ని నిమిరాడు. తర్వాత రెండు చేతులతో వాటిని బిగించి పట్టుకున్నాడు, కోయటానికి వీలుగా. భద్రమ్మ ఏడుస్తూనే కోసింది. ఆయన ఆ పోగులన్నీ ఏరి కండువా చెంగున కట్టుకున్నాడు. అప్పటికి పక్కింట్లో చౌడయ్య కూడా కత్తిపీట అడుగుతున్నాడు.

మర్నాడు మైదానంలో బ్యాండు మోగుతోంది. నలభై అచ్చులు గుంపును చీల్చుకుంటూ వేదిక ముందుకు వచ్చాయి. వేదిక మీద ఇన్‌స్పెక్టరు, ఆయన పక్కన పూలదండతో వెంకటసుబ్బారావు కూర్చుని ఉన్నారు. భద్రమ్మ అచ్చును ఎత్తి పట్టుకుంది. పోగులుంటే అవతలి మనిషి కనపడడు. ఇప్పుడు పళ్ళ సందుల్లోంచి ఆ దండ, ఆ మొహం స్పష్టంగా కనపడ్డాయి.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఇందులో నూలుందేమో చూడండి. జూలైలో నా మొగుడి వేలిముద్ర ఎవరు వేశారో ఆయన్ని అడగండి."

బ్యాండు ఆగింది. లాఠీలు లేచాయి. మరియదాసు తల పగిలింది. సగం అచ్చులు బూట్ల కింద విరిగాయి. మరియదాసునూ భద్రమ్మనూ పోలీసులు ఠాణాకు లాక్కుపోయారు.

ఠాణాలో రైటరు పుస్తకం తెరిచాడు. "పేరు?"

"భద్రమ్మ."

"వృత్తి?"

"నేత. మగ్గం నడవటం లేదు. అది కూడా రాయండి."

"అదెందుకు?"

"రాయకపోతే వేలిముద్ర వెయ్యను."

రైటరు విసుక్కుంటూ రాశాడు. ఆ ఏడాది నేతపేట గురించి సర్కారు పుస్తకంలో పడిన మొదటి నిజం అదే. భద్రమ్మ దాన్ని పైకి చదివించుకుని, అప్పుడు వేలు అద్దింది.

"ఇక నడు" అంటూ రైటరు తలెత్తి చూసేసరికి వరండా నిండిపోయి ఉంది. రాఘవమ్మ, చౌడయ్య, నేతపేటంతా విరిగిన అచ్చులు పట్టుకుని వరసగా నిలబడ్డారు.

"మిమ్మల్నెవరు పట్టుకొచ్చారు? పోండి" అని కసిరాడు రైటరు.

వరసలో అందరికంటే ముందున్న ముసలాయన కండువా చెంగు విప్పి, మూరెడు పోగుల కట్టను బల్ల మీద పెట్టాడు.

"ఆదిశేషయ్య. నేత. నడవటం లేదు. రాసుకోండి" అన్నాడు.